ఇంటికొకరు

శనివారం సాయంత్రం భవాని అన్న మాట దగ్గర మనం ఆగాం. నాలుగేళ్లుగా ప్రొఫెసర్ ప్రిస్కిల్లా దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల, సోమవారం మౌఖిక పరీక్ష పెట్టుకుని, గుమ్మంలో నిలబడి "నా థీసిస్ వాపసు తీసుకుంటున్న మేడమ్" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ప్రిస్కిల్లా కుర్చీలోంచి లేచేలోపే మెట్లు దిగి వెళ్లిపోయింది. గణిత శాఖాధిపతి లింగమూర్తికి ఫోన్ చేస్తే, వాపసు దరఖాస్తు తన చేతికొచ్చిన మాట నిజమేననీ, సోమవారం దాకా దాన్ని కదపననీ, ఈలోగా గురుశిష్యులిద్దరూ మాట్లాడుకుంటే మంచిదనీ అన్నాడు. ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండనివ్వండని కూడా అన్నాడు.

కారణం తనకు తెలుసనే అనుకుంది ప్రిస్కిల్లా. ఊరంతా తెలంగాణ ఉద్యమంలో ఉంది. విద్యాసంస్థలో ఏ చెట్టు కింద చూసినా ఒక టెంటు, ఏ గోడ మీద చూసినా ఒక నినాదం. భవానిది జనగామ పక్క పల్లె. తనది రేపల్లె. తన సంతకంతో వచ్చే డాక్టరేటు ఇప్పుడు ఆ పిల్లకు బరువైపోయిందన్నమాట. ఎవరో అని ఉంటారు, ఆ పిల్ల తలొంచి ఉంటుంది. రాత్రంతా ఆ మాటే గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆదివారం పొద్దున కూకట్‌పల్లిలో చర్చికి వెళ్లినా మనసు నిలవలేదు. పాస్టరుగారు రాష్ట్ర క్షేమం కోసం ప్రార్థించారు. ఏ రాష్ట్రమో చెప్పకుండా జాగ్రత్తపడ్డారు. బెంచీల్లో అటువాళ్లూ ఇటువాళ్లూ ఎవరి ఆమెన్ వాళ్లు అన్నారు. ఆరాధన అయ్యాక భర్త అబ్రహాం కారు తాళాలు ఆమె చేతికి ఇవ్వడానికి కాసేపు వెనకాడాడు. ఇవాళ ఉద్యమంవాళ్లు రోడ్ల మీదే వండుకు తినే వంటావార్పు ఉందట, గచ్చిబౌలి వైపు వెళ్లొద్దన్నాడు. ఆ పిల్లకి ఇష్టం లేకపోతే వదిలేయమనీ అన్నాడు. ప్రిస్కిల్లా చెయ్యి చాపి అలాగే నిలబడింది. ఆ చెయ్యి వెనక్కి పోదని ముప్పై ఏళ్లుగా తెలిసినవాడు గనుక తాళాలు ఇచ్చేశాడు.

హైటెక్ సిటీ ఫ్లైఓవర్ దిగేదాకా దారి ఖాళీగానే ఉంది. అద్దాల భవనాల మధ్య నుంచి పోతుంటే, తాను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇక్కడ బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేవని ఎప్పటిలాగే గుర్తొచ్చింది. సమితి సిద్ధాంతం, తర్కం తన విషయాలంటే అప్పట్లో సొంత శాఖవాళ్లే నవ్వేవారు. లెక్కలు చేయలేనివాళ్లు లెక్కల గురించి మాట్లాడుకునే శాస్త్రమని ఒక పెద్దాయన ఆమె ఎదుటే అన్నాడు. ఆమె పోలండ్‌లో రెండేళ్లు ఉండి, తిరిగొచ్చాక ఒకే ఒక్క వ్యాసం రాసింది. ఆ వ్యాసంతో నవ్వులు ఆగాయి. దేశదేశాల పుస్తకాల్లో ఆమె పేరు ఆ ఫలితంతోపాటు అచ్చయింది. ఇప్పుడు సంస్థలో కొత్తగా తర్కశాస్త్ర కేంద్రం పెడుతున్నారు. దాని బాధ్యత ఎవరిదో వచ్చే నెల తేలుతుంది. ఆమెది కాక ఇంకెవరిదీ కాదని అందరూ అనుకుంటున్నారు.

గచ్చిబౌలి కూడలికి కొంచెం ఇవతలే కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు పెట్టి ఉన్నాయి. వాటి మీద గుండిగలు, కింద తడి కట్టెలు, పొగ. ఒకపక్క డప్పులు మోగుతున్నాయి. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. షిఫ్టు బస్సులోంచి దిగిన కంపెనీ పిల్లలు మెడలో కార్డులతో నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. హాస్టల్ పిల్లలంతా ఇక్కడే ఉంటారని ప్రిస్కిల్లా కారు ఓరగా పెట్టి దిగింది. చర్చికి కట్టుకున్న తెల్ల చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుంపులోకి నడిచింది.

భవాని మూడో పొయ్యి దగ్గర కనబడింది. చున్నీ నడుముకు బిగించి, ఒంగి పొయ్యి ఊదుతోంది. గుండిగలో ఎసరు తక్కువైంది, ప్రిస్కిల్లా కంటికి ముందు అదే ఆనింది. అన్నం అడుగంటడం ఖాయం.

"భవానీ."

ఆ పిల్ల తలెత్తింది. పొగకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకేనో కాదో.

"మీరెందుకొచ్చిన్రు మేడమ్ గీ ఎండల?"

"మాట్లాడాలి. ఇక్కడ కాదు."

"ఇక్కడనే చెప్పున్రి. పొయ్యి ఇడిసి రాలేను."

ప్రిస్కిల్లా రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ పక్కకు పోయి, ముల్లు ఒక్కటే బయటికొచ్చింది. "నా సంతకం ఉన్న డిగ్రీ నీకు అక్కర్లేదు. అంతేగా? ఆ మాట నా మొహాన అంటే సరిపోయేది. మెట్లు దిగి పారిపోవడం ఎందుకు?"

పక్కన వంకాయలు కోస్తున్న ఈరమ్మ కత్తిపీట ఆపింది. ఈరమ్మ సంస్థ హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడి పిల్లలందరికీ అత్త వరస. "ఎవలే పిల్లా, ఆంధ్ర మేడమా?" అని అడిగింది. భవాని తలూపితే, "ఎవలైతేంది, నిలవడి కొట్లాడితే కాళ్లు గుంజుతయి, పీట వెయ్" అంది. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ప్రిస్కిల్లాకు నవ్వు రాలేదు. పీట మీద కూర్చోనూ లేదు.

భవాని ఊదుగొట్టం కింద పెట్టి లేచి నిలబడింది. "మీరు గట్ల అనుకుంటరని నాకు ఎర్కనే మేడమ్. అనుకోనీ అని ఊకున్న. అసలు సంగతి తెలిసుడు కంటే గదే నయం."

"అసలు సంగతి ఏమిటి?"

ఆ పిల్ల చెయ్యి తుడుచుకుని సంచిలోంచి సుద్దముక్క తీసింది. రోడ్డు మీద ఖాళీ జాగా చూసి ఒంగి ఒక్క వాక్యం రాసింది. నల్లటి తారు మీద తెల్లటి అక్షరాలు స్పష్టంగా పడ్డాయి. ఆ వాక్యాన్ని ప్రిస్కిల్లా నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తన వ్యాసంలో మూడో మెట్టు అది. ప్రతి దశలోనూ ఉన్న సమితిని వరుసలో పెట్టవచ్చు, కనుక ఒక్కో దశకు ఒక్కో వరుసను తీసుకుందాం.

"తీసుకుందాం" అన్న మాట కింద భవాని గీత గీసింది.

"అయితే?" అంది ప్రిస్కిల్లా.

"మైకుల ఏమంటున్నరో విన్నరా?"

వింటే ఇప్పుడు వినబడింది. బస్తీ బస్తీ నుంచి, ఇంటికొకరు చొప్పున కదిలి రావాలి, ఇంటికొకరు వచ్చి బంతిలో కూర్చోవాలి అని పిలుస్తున్నారు.

"ఇంటికొకరు అంటున్నరు. ఎవరో చెప్పిన్రా? పెద్దోళ్లా, చిన్నోళ్లా? చెప్పలే. మా ఊర్లయితే ఫికర్ లేదు, ఇండ్లు వేళ్ల మీద లెక్కవెట్టచ్చు. ఒక్కో తలుపు కొట్టి, నువ్వు రా అని చెయ్యి వట్టుకొని తీస్కొస్తం. ఇండ్లకు అంతు లేకపోతే ఎట్ల? ఇంట్ల అందరికన్నా పెద్దోళ్లు రావాలె అని నియమం పెడితే సరే, ఎవలు రావాల్నో ఎవరూ తలుపు కొట్టకున్నా తెలుస్తది. నియమం లేదు. ఇండ్లకు అంతు లేదు. అయినా ఇంటికొకరు వచ్చి కూసున్నరని మీరు రాసిన్రు." భవాని గీత గీసిన మాట మీద సుద్ద ఆనించింది. "ఆ ఏరుడు ఎవరు చేసిన్రు మేడమ్?"

ప్రిస్కిల్లా ఒంగి ఆ వాక్యాన్ని మొదటి నుంచి చదివింది.

దీని మీద ఈ శాస్త్రంలో వందేళ్లుగా తగవు ఉంది. అంతులేనన్ని సమితుల్లోంచి, నియమం ఏదీ లేకుండా, ఒక్కొక్కటి ఏరుకోగలమని ఎవరూ నిరూపించలేరు. అలా ఏరినట్టు ఒప్పుకోవాలంతే. దాన్నే ఎంపిక స్వీకృతం అంటారు. గణితం చేసేవాళ్లలో చాలామంది దాన్ని కూరలో ఉప్పులా వాడేస్తారు, వాడినట్టు కూడా గమనించరు. ప్రిస్కిల్లా పేరు నిలబడింది ఎక్కడంటే, ఆ ఉప్పు వేయకుండా ఈ వంట కుదరదని అందరూ అంటున్న రోజుల్లో, వేయకుండా వండి చూపించాననడంలో. ఆ ఒక్క మాటే ఆ వ్యాసానికి ప్రాణం. ఇప్పుడు మూడో మెట్టులో ఉప్పు తేలింది. ఏ విద్యార్థి కాగితంలోనైనా ఒక్క చూపులో పట్టుకునే తప్పు. అందరికీ దాని గురించి పాఠం చెప్పే మనిషే చేసింది.

వెంటనే ఒప్పుకోలేదామె. మనసు పరుగులు తీసింది. వరుసలన్నిటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకోవచ్చుగా? చిన్నది అనడానికి వాటికి ఒక క్రమం ఉండాలి, అది లేదు. పోనీ ముందు దశలోని వరుస నుంచి తర్వాతి దశ వరుసను రాబట్టవచ్చుగా? రాబట్టే చోట మళ్లీ ఏరుకోవాల్సి వస్తోంది. వెతికిన ప్రతి దారీ అదే గోడ దగ్గరకు తెచ్చి నిలబెట్టింది. డప్పుల మోత దూరమైపోయింది. ఆమెకు తెలియకుండానే ఈరమ్మ వేయించిన పీట మీద కూర్చుండిపోయింది.

"ఎప్పుడు చూశావు?"

ఉగాది వెళ్లాక అని చెప్పింది భవాని. నాలుగో అధ్యాయం ఆఖరిసారి దిద్దుకుంటూ, మేడమ్ ఫలితాన్ని మక్కీకి మక్కీ ఎత్తి రాయకుండా సొంత మాటల్లో నిరూపించాలని కూర్చుందట. ఆ వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయిందట. మేడమ్‌కు తప్పు ఉండదు, తనకే అర్థం కాలేదని చాన్నాళ్లు తనను తాను తిట్టుకుందట. తర్వాత తిట్టుకోవడానికి కూడా దారి లేకుండా పోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పాలె? ఇయ్యాల నేను చెప్తె అది లెక్కల మాట అయితదా? తెలంగాణ పిల్ల ఆంధ్ర మేడమ్‌ను కూలగొట్టిందంటరు. మావోళ్లేమో భుజం తట్టి శభాష్ అంటరు. గా శభాష్ నాకొద్దు. చెప్పకుంట డిగ్రీ తీసుకుంటే, అబద్ధం మీద పేరు రాసుకున్నట్టు. గందుకే వాపసు తీసుకున్న. నేను తప్పుకుంటే గా వాక్యం దిక్కు ఎవ్వరు చూడరు. మీ కేంద్రం మీకొస్తది."

"నీ ఉద్యోగం?" వరంగల్‌లో లెక్చరర్ ఉద్యోగం ఆ పిల్ల కోసం ఎదురుచూస్తోంది. వేసవి సెలవులయ్యేలోపు డాక్టరేటు చూపించాలి.

భవాని భుజాలు ఎగరేసింది. ప్రిస్కిల్లాకు రాత్రి తాను ఈ పిల్ల గురించి ఏమేం అనుకుందో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కదానికీ ఆధారం లేదు. అన్నీ ఊహించుకుని, నిజమైనట్టు ఒప్పేసుకుంది.

ఆమె మాట్లాడినప్పుడు, క్లాసులో మాట్లాడే గొంతే వచ్చింది. "విను. నీ నాలుగో అధ్యాయం మొదట్లో ఒక్క వాక్యం చేర్చు. ఎంపిక స్వీకృతాన్ని ఒప్పుకుంటే, అని. నీ థీసిస్‌కు ఏమీ కాదు. దాన్ని వాడనని నువ్వెక్కడా అనలేదు. కూలేది నాది ఒక్కటే. వాపసు లేదు. రేపు పరీక్ష జరుగుతుంది. ఆ తప్పు నువ్వు చెప్పక్కర్లేదు, బోర్డు దగ్గరకెళ్లి నేనే రాస్తాను. నా నోటి నుంచి వస్తే అది లెక్కల మాటే అవుతుంది."

భవాని కళ్లు తుడుచుకుంది. ఈసారి పొగ అటువైపు ఉంది.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగింది ప్రిస్కిల్లా.

ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. అంతలో "పిల్లా, అన్నం మాడుతున్నది!" అని ఈరమ్మ అరిచింది. భవాని గరిటె అందుకుని గుండిగ దగ్గరకు పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్ యజ్ఞనారాయణ గుంపులోంచి వచ్చాడు. మద్రాసులో పనిచేస్తాడాయన. భవాని పరీక్షకు బయటి పరీక్షకుడు, కేంద్రం బాధ్యత తేల్చే కమిటీకి పెద్ద కూడా ఆయనే. విమానాశ్రయం నుంచి వస్తుంటే టాక్సీ ఇక్కడ ఆగిపోయింది. గెస్ట్‌హౌస్‌కు నడిచి పోదామని బయల్దేరితే, ప్రతి పొయ్యి దగ్గరా ఆపేస్తున్నారట.

"అడుగడుక్కీ భోజనానికి రమ్మంటున్నారమ్మా ప్రిస్కిల్లా. ఇంత మర్యాద నాకు ఏ సెమినార్లోనూ జరగలేదు" అన్నాడు, ఉత్తరీయంతో మెడ తుడుచుకుంటూ.

ఈరమ్మ ఆయన్ని కూడా వదల్లేదు. ఇద్దరికీ పక్కపక్కన ఇస్తారాకులు వేసింది. ఆయన నేల మీద కూర్చోవడానికి మోకాళ్లతో కాసేపు తగవు పెట్టుకుంటే, "సార్‌కు వంగుడు అలవాటు లేదు, జర పట్టున్రి" అని నవ్వించింది. అన్నం, పప్పుచారు వడ్డించి ముందుకు పోయింది. అన్నానికి మాడు వాసన ఉంది.

ప్రిస్కిల్లా కలుపుకోలేదు. సోమవారం దాకా దాచడం తనవల్ల కాదనిపించింది. మూడో మెట్టు సంగతి ఉన్నదున్నట్టు, తక్కువ మాటల్లో చెప్పేసింది. రేపు అందరి ముందూ చెప్పబోతున్నానని కూడా చెప్పింది.

ఆయన ముద్ద కలుపుతూనే విన్నాడు. ఆశ్చర్యపోలేదు. ఆయన ఆశ్చర్యపోకపోవడం చూసి ఆమే ఆశ్చర్యపోయింది.

"నాకు తెలుసు" అన్నాడు చివరికి. "చాలాకాలంగా తెలుసు. నా పుస్తకం ఆరో అధ్యాయం మీ ఫలితం మీదే కట్టాను కదా. అచ్చయ్యాక ఒకరోజు చూస్తే కనబడింది. అప్పటికి ఆ పుస్తకం అన్ని చోట్లా పాఠం అయిపోయింది. ఏం చేయమంటారు? మీరు లేచి చెబితే పడేది మీరొక్కరే అనుకుంటున్నారు. మీ మీద నేనున్నాను. నా మీద ఇంకెంతమంది ఉన్నారో. ఎవరికి నష్టం జరుగుతోందని ఇప్పుడు దాన్ని కదపడం?"

"భవానికి జరుగుతోంది."

"ఆ అమ్మాయి వాపసు తీసుకుంటోంది కదా, తీసుకోనివ్వండి. చురుకైన పిల్ల. వేరే అంశం ఇవ్వండి, ఏడాదో రెండేళ్లో కష్టపడుతుంది. మీ కేంద్రం మీకు వస్తుంది, అది నేను చూస్తాను."

ఆయన మాటల్లో తాను చెప్పని సంగతి ఒకటి ఉందని ప్రిస్కిల్లాకు తట్టింది. వెనక్కి వెళ్లి ఒక్కో మాటా మళ్లీ చూసుకుంది. మూడో మెట్టు గురించి చెప్పింది. రేపటి సంగతి చెప్పింది. వాపసు అన్న మాట మాత్రం ఎక్కడా అనలేదు. అది తెలిసినవాళ్లు ముగ్గురే. లింగమూర్తి నోరు జారే మనిషి కాదు. ముగ్గురి మధ్యే ఉండాలన్నది ఆయనే.

"ఆమె వాపసు తీసుకుంటోందని మీకు ఎవరు చెప్పారు?"

యజ్ఞనారాయణ చెయ్యి ఆకు మీద ఆగింది.

ప్రిస్కిల్లా జవాబు కోసం ఆగలేదు. పప్పుచారు బకెట్టుతో అటు పోతున్న భవానిని పిలిచింది. ఇందాక అడిగిన మాటకు నువ్వు జవాబు చెప్పలేదు, ఇది ఇంకెవరికి తెలుసు అని, ఆయన ఎదుటే అడిగింది.

భవాని బకెట్టు కింద పెట్టింది. ఆయన్ని చూసింది, మేడమ్‌ను చూసింది. "సార్‌కు తెలుసు. పోయిన నెల నేనే ఫోన్ చేసి అడిగిన, తప్పు నాదా అని. నీది కాదన్నరు. నోరు తెరిస్తే మీ మేడమ్ కేంద్రం పోతది, ఊర్ల గొడవలల్ల ఆమెను నువ్వే బలి ఇచ్చినట్టయితది అన్నరు." ఆయన వైపు తిరిగింది. "వాపసు తీస్కో అన్నది సారే."

చుట్టూ బంతిలో జనం తింటూనే ఉన్నారు. ప్రిస్కిల్లా అరవలేదు. ఫోన్ తీసి లింగమూర్తికి చేసింది. భవాని దరఖాస్తు పక్కన పడేయమంది. రేపు పరీక్ష జరుగుతుందనీ, గది తలుపులు తెరిచి ఉంచాలనీ, ఏ ప్రాంతంవాళ్లు వచ్చినా కూర్చోనివ్వాలనీ చెప్పింది. అవతల లింగమూర్తి ఒకే ఒక్క మాట, బాధ్యత మీ మీదేనా అని అడిగినట్టున్నాడు. "అవును, నా మీదే" అని ఫోన్ పెట్టేసింది.

యజ్ఞనారాయణ ఆకు మడిచాడు. చెయ్యి కడుక్కోవడానికి భవానే నీళ్లు పోసింది. ఆయన ఆ పిల్ల మొహం చూడకుండా కడుక్కుని, ఉత్తరీయంతో తుడుచుకుని ప్రిస్కిల్లా వైపు తిరిగాడు.

"మీ ధైర్యం బాగానే ఉందమ్మా. ఒక్కటి మరిచిపోయారు. బయటి పరీక్షకుడు కూర్చోకుండా మౌఖిక పరీక్ష చెల్లదు. ఇంకొకరిని వేయించుకోవాలంటే ఎన్ని నెలలు పడుతుందో మీకే తెలుసు. ఈ అమ్మాయి ఉద్యోగం అన్ని నెలలు ఆగుతుందా?"

ఆయన సంచి భుజాన వేసుకుని తన టాక్సీ ఉన్నవైపు నడిచాడు. మైకులో బంతి అయిపోయిందని చెబుతున్నారు. కుర్రాళ్లు ఇటుకలు పక్కకు లాగుతున్నారు. ఇంతసేపూ ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి.

భవాని ప్రిస్కిల్లా పక్కకు వచ్చి నిలబడింది. ఇద్దరూ ఆ తెల్ల టాక్సీనే చూస్తున్నారు. కూడలి దాటి నేరుగా పోతే గెస్ట్‌హౌస్. ఎడమకు తిరిగితే రింగ్ రోడ్డు, విమానాశ్రయం.

టాక్సీ కూడలి దాకా మెల్లగా వెళ్లింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది.

తర్వాత ఎడమ దీపం వెలిగింది.